కరవని చెప్పులు

మగ్గం గుంట పూడ్చడానికి కన్నమ్మ ఒప్పుకోలేదు.

"మగ్గం విప్పి అటక మీద పెట్టినావు, సెరి. గుంట మాత్రం ఉండనీ. రేపు నీ చెప్పుల పని బోల్తా కొడితే మళ్ళీ దాంట్లోనే కాళ్ళు పెట్టుకుని కూచోవాల" అంది కొడుకు జయచంద్రతో.

లోకమంతా టెరిలిన్ కడుతున్న కాలం. తిరుత్తణిలో నేసిన లుంగీని అడిగేవాడు లేక, అతను మద్రాసులో ఆరు నెలలుండి చెప్పుల పని నేర్చుకుని వచ్చాడు. అక్కడి పెరియమేడు బజారులో తోలు కొన్నాడు. సుత్తి, కత్తులు, తోలుకు రంధ్రాలు పొడిచే ఆరెలు, మైనం పూసిన దారం, అయిదు నుంచి పది నంబరు దాకా పాదం ఆకారపు చెక్క అచ్చులు, కాలితో తొక్కే కుట్టుమిషను, అన్నీ రైల్లో తెచ్చి ముందుగదిలో ఆ గుంట చుట్టూ సర్దుకున్నాడు. తోలు పరిచి కొట్టే బండ ఒక్కటే ఇంట్లో దొరికింది. అది కన్నమ్మ బట్టలుతికే బండ. దాని మీద రెండు రోజులు గొడవ జరిగింది.

మొదట కుట్టిన జత మేనమామ ఆదికేశవులుకు ఊరికే ఇచ్చాడు. ఆయన అవి తొడుక్కుని దర్జాగా సంతకు వెళ్ళాడు. వచ్చేటప్పుడు చెప్పులు చేతిలో ఉన్నాయి.

"ఇవి చెప్పులు కాదు కన్నమ్మా, కుక్కపిల్లలు! రెండూ కలిసి కరిచినాయి!" అని వీధి నడుమ నిలబడి, మడమలు ఎత్తి అందరికీ చూపించాడు.

ఆ తర్వాత ఆ వీధిలో జయచంద్రకు కాలిచ్చినవాడు లేడు. టేపు పట్టుకుని అటు వస్తే చాలు, అరుగుల మీద కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకుని పంచె కప్పుకునేవాళ్ళు.

నెల రోజులు చూసి కన్నమ్మ తీర్పు చెప్పింది.

"ఇంకొక్క జత. తొడుక్కున్నాయన నోట 'కరుస్తా ఉంది' అనే మాట వచ్చిందా, ఆ పొద్దే తోలు బయటికి, మగ్గం లోపలికి."

"ఆ మాట రాకపోతే?"

"గుంట పూడ్చుకో."

జయచంద్ర రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు తిరువళ్ళూరులో బస్సు మారి ఊత్తుకోట వైపు వెళ్ళాడు. సాయంత్రానికి గోవిందస్వామి అనే నడివయసు మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన చేతిలో ముడులు వేసిన నులక తాడు. ఒక ముడి నిడివికి, ఒకటి వెడల్పుకి.

"మా అయ్యకు ఒక జత కావాల" అన్నాడు గోవిందస్వామి.

కన్నమ్మ తాడు అందుకుని మోచేతి దగ్గర పెట్టి చాపింది. నిడివి ముడి వేళ్ళు దాటిపోయింది.

"ఇది కాలా, కాలవగట్టా? ఆయన్నే ఒకసారి రమ్మనకూడదా?"

"అయ్య యాడికీ రాడమ్మా. ఊరి కాపలా ఆయనది."

"కోపిష్టా?"

"తప్పు చేసినోళ్ళ మీదనే. వాళ్ళకు ఆ పొద్దే జ్వరమొస్తుంది."

"చుట్ట తాగుతాడా?"

"ముట్టించి ఇస్తే కాదనడు."

"మనిషి మంచోడేనా?"

"మా ఊర్లో ఇంటికొక బిడ్డకు ఆయన పేరే పెట్టుకున్నాము. ఇంకేం చెప్పేది!"

గోవిందస్వామి వెళ్ళగానే కన్నమ్మ కొడుకు మీద పడింది. "రేయ్, ఈసారి కరిచినాయంటే అరిచేది మీ మామ కాదు. ఒళ్ళు దగ్గర పెట్టుకుని కుట్టు."

ఆ తాడు పక్కన పది నంబరు అచ్చు పసిబిడ్డ కాలులా ఉంది. కొత్త అచ్చులు చెక్కమని వడ్రంగి శివప్రకాశానికి వేపదుంగ ఇచ్చాడు జయచంద్ర.

"ఏనుక్కి కుడతా ఉండావా? అట్లయితే ఇంకో రెండు అచ్చులు కావాల కదా!" అన్నాడు శివప్రకాశం.

అంత మందం తోలు మిషను కింద దూరలేదు. జయచంద్ర గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని చేత్తోనే కుట్టాడు. అడుగున లారీ టైరు వేశాడు. మడమ తగిలే చోట మెత్తటి మేకతోలు. అంచంతా ఇత్తడి పువ్వులు. పదకొండు రోజులు పట్టింది. చివరి రోజు కన్నమ్మే కూర్చుని పట్టీలకు ఆముదం పట్టించింది.

బయలుదేరేటప్పుడు సంచిలో పౌడర్ డబ్బా కూడా పెట్టింది.

"కాలు దూర్చక ముందే చల్లు. మడమ కాడ ఎక్కువ చల్లు. ఉండు, నేనూ వస్తా."

"రెండు బస్సులమ్మా. ఆపైన పొలం గట్ల మీద నడక. నీ మోకాళ్ళు..."

కన్నమ్మ మళ్ళీ కూర్చుంది.

సాయంత్రం జయచంద్ర వీధి మలుపులో కనిపించేసరికి కన్నమ్మా, ఆదికేశవులూ అరుగు దిగి ఎదురు వెళ్ళారు.

"ఇచ్చినావా?"

"కాళ్ళ కాడ పెట్టినానమ్మా. నూలు పోగంత తేడా లేదు."

"ఏమన్నాడు?"

"ఒక్క మాటా అనలేదు."

"మొగం చిట్లించినాడా? నిజం చెప్పు."

"మీసం కూడా కదల్లేదు. గోవిందస్వామే సాక్షి."

కన్నమ్మ కొడుకు నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. చల్లగానే ఉంది. సంచిలోంచి పౌడర్ డబ్బా తీసింది. మూత కూడా కదలలేదు.

"ఇది చల్లలేదే?"

"అవసరం పడలేదమ్మా."

ఆదికేశవులు తన మడమల వైపు ఒకసారి చూసుకున్నాడు. "ఆయనకు వేసిన తోలే నాకూ వేసి ఇంకో జత కుట్టు అల్లుడూ" అన్నాడు చిన్నగా.

కన్నమ్మ కొంగు నడుముకు చుట్టి, తానే ఒక తట్టెడు మట్టి తెచ్చి మగ్గం గుంటలో పోసింది.

సరిగ్గా అదే సమయానికి ఊత్తుకోట అవతల పొలిమేరలో, ఇటుకా సున్నంతో కట్టిన పన్నెండడుగుల కాపలా దేవుడు మునీశ్వరుడి పాదాల దగ్గర ఆ కొత్త చెప్పులకు కుంకుమ బొట్లు పెట్టి, పూజారి గోవిందస్వామి కర్పూరం వెలిగించాడు.