బాల్కనీ మీదుగా వచ్చిన తీగ

అబద్ధం ఒక్క చుక్క కూడా కలపకుండా కథ చెప్పగలవాడు శాంటియాగో కొండవీధులన్నిటిలోనూ నేనొక్కణ్ణే. ఇందులో ప్రతి ముక్కా నిజం.

మా మెట్లవీధిలో ఓస్మెల్ ఇంట్లో ఒక కంప్యూటర్ సర్వరుంది. మేం వీధి పెట్టె అంటాం. పెళ్ళిళ్ళూ, ఆడపిల్లల పదిహేనో పుట్టినరోజు నాట్యాలూ, పోయినవాళ్ళ గొంతులూ అన్నీ అందులోనే.

మా ఫోన్లు ఇరుకు. వీడియో ఓస్మెల్‌కి ఇచ్చెయ్యడం, ఫోన్లోంచి తుడిచెయ్యడం. అదీ మా అలవాటు.

ఆ పెట్టెలోని డిస్కు ముసలిదై, పళ్ళు కొరకడం మొదలుపెట్టింది.

ఈలోగా ఎవరి సూట్‌కేసులోనో, తువ్వాళ్ళ మధ్య, సబ్బు వాసనతో నాలుగు కొత్త డిస్కులు సముద్రం దాటి వచ్చాయి.

"ఇంకేం, ఎక్కించెయ్!" అంది వీధి.

"పరీక్ష అయ్యేదాకా ఒక్క ఫొటో కూడా ఎక్కించను," అన్నాడు ఓస్మెల్.

"కొత్తవాటికి పరీక్షేంట్రా? పెళ్ళికూతురి పళ్ళు లెక్కపెట్టినట్టు!"

"పోయినసారి లెక్కపెట్టకేగా మునిగాం?"



పోయినసారి ఓస్మెల్ కొత్త డిస్కు కవరు విప్పి నేరుగా నింపేశాడు. అందరూ ఫోన్లు తుడిచేసుకున్నారు. నెల తిరక్కుండానే డిస్కు చచ్చింది. ఆ ఏటి కార్నివాల్ అంతా దాంతోపాటే పోయింది. అప్పట్నుంచీ వీధిలో కార్నివాల్ బాకా వినపడితే చాలు, ఓస్మెల్ కిటికీ మూసేస్తాడు.

అందుకే ఈ పరీక్ష. డిస్కునిండా ఈ కొసనుంచి ఆ కొసదాకా ఏదో ఒకటి రాయాలి. రాసిందంతా మళ్ళీ చదివి సరిచూడాలి. వారం పైనే పడుతుంది. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికే. ఓస్మెల్ దగ్గరున్న బ్యాటరీ పావుగంట మోస్తే గొప్ప. ఈలోపు ముసలి డిస్కు పోయిందా, వీధి జ్ఞాపకాలన్నీ పోయినట్టే.

కొత్త డిస్కుల మోతకి మా వీధి కోళ్ళన్నీ కూయడం మానేశాయి. సరే, ఒక్క కోడి. దానికి ముందునుంచే గొంతు బాగాలేదు.

కరెంటు మా వరసకి రోజూ పోతుంది. ఎదురు వరస ఆసుపత్రి లైను. అక్కడ పోదు.

ఆ ఎదురు వరసలో సెనోబియా అని ఒకావిడ కొత్తగా అద్దెకి దిగింది. వైద్యానికి కొండల్లోంచి వచ్చిందట. ఎవరితోనూ కలవదు.

ఓస్మెల్ ఆవిడ గుమ్మం ముందు కూడా ఆగాడు.

"అక్కా, నీ ఫొటోలుంటే ఇవ్వు. అందరివీ పెట్టెలో దాస్తున్నా."

"నా దగ్గరేం లేవు బాబూ."

"ఒక్కటీ లేదా? కెమెరా నిన్ను చూసి పారిపోయిందా ఏం?"

ఆవిడ నవ్వింది.

పరీక్ష మొదలైన సాయంత్రమే మా వరస చీకటైంది. ఓస్మెల్ వీధిలోకి పరిగెత్తాడు.

"ఎవరైనా ఇంత కరెంటు పడెయ్యండర్రా! బ్యాటరీ అయిపోతోంది!"

కాసేపటికి ఎదురుగా దర్జీ బాసిలియో బాల్కనీ మీదనుంచి ఒక తీగ వచ్చి మెట్లమీద పడింది. ఓస్మెల్ దాన్ని అందుకుని పెట్టెకి తగిలించాడు.

"చల్లగా ఉండు మామా!" అని అరిచాడు.

బాసిలియో చెయ్యి ఊపాడు. ఆయనకి సగం చెవుడు. అరిచినవాళ్ళందరికీ చెయ్యి ఊపుతాడు.

కరెంటు పోయిన ప్రతి సాయంత్రమూ ఆ తీగ వచ్చింది. పరీక్ష ఆగలేదు.

అలాంటి ఒక సాయంత్రం సెనోబియా గుమ్మంలో కూర్చుని అట్టముక్కతో విసురుకుంటోంది. వెనక ఇల్లంతా చీకటి.

"ఆసుపత్రి కరెంటు ఇంట్లో పెట్టుకుని ఈ అట్టముక్కేంటక్కా? మిగిలింది పోయేటప్పుడు మూటకట్టుకుపోతావా?" అన్నాడు ఓస్మెల్.

వీధంతా నవ్వింది. ఆవిడా నవ్వింది.

పరీక్షలో నాలుగు డిస్కుల్లో ఒకటి కుళ్ళుదని తేలింది. దాన్ని అవతల పారేసి, మిగతావాటిలోకి అన్నీ ఎక్కించాడు. ఆఖరి వీడియో ఇటు దాటిందో లేదో, ముసలి డిస్కు అటు ఊపిరి వదిలేసింది.

వీధిలో పందిని కాల్చారు. డప్పులు మోగాయి. ఓస్మెల్ మొదటి పళ్ళెం తీసుకుని బాసిలియో ఇంటికి వెళ్ళాడు.

"దేనికిరా ఇది?"

"కరెంటుకి మామా."

"ఏం కరెంటు?"

"నీ బాల్కనీలోంచి వచ్చిన తీగ!"

"అది నాదా? పక్కింటి సెనోబియాది. గుమ్మంలోంచి తీస్తే తీగ వీధికి అందక నా బాల్కనీ మీదుగా విసిరేది. ఆవిడ మీటరు బక్కది. నీ పెట్టె లాగితే ఫ్యూజు పోతుందని ఫ్యానూ, ఫ్రిజ్జూ, దీపాలూ ఆపుకుని గుమ్మంలో కూర్చునేది."

పళ్ళెం ఒరిగింది. పులుసు ఓస్మెల్ చొక్కామీద కారింది.

పక్కింటి తలుపు దబదబా బాదాడు. తాళం.

"పొద్దున్నే ఊరికి వెళ్ళిపోయింది. ఇక చేసేదేం లేదన్నారట డాక్టర్లు," అన్నాడు బాసిలియో.

ఓస్మెల్ పళ్ళెం మెట్టుమీద పెట్టి వెనక్కి తిరిగాడు.

"నేనన్న మాటలకి నా నెత్తిమీద రాయి వెయ్యాలి. తీగ ఎందుకు వేసింది మామా?"

"నేనూ అడిగాను. ఇంకో తల్లి ఫోను తుడుచుకుని కూర్చోకూడదు అంది."

"ఇంకో తల్లేంటి?"

బాసిలియో చెవిటివాడే గానీ, ఈసారి చాలా మెల్లగా చెప్పాడు.

"ఆ ఏడు కార్నివాల్లో, కొండల్లోంచి మేళంతో వచ్చి బాకా ఊదిన కుర్రాడు యూనియెల్, తరవాత బస్సు లోయలో పడి పోయాడు చూడు. మేళం పెద్ద చేత వాడి వీడియో నీకు పంపించి ఫోను తుడిచేసుకుంది, ఆ తల్లి ఈవిడే."

మొదట గొప్పలు పోయాను గానీ, ఈ కథలో నేను కల్పించింది ఒకటుంది. కోడి కాదు, కోడి నిజమే.

ఆవిడ నవ్వలేదు. ఒక్కసారి కూడా.