పళ్ళ తనిఖీ

వెంకటసుబ్బారావు మాస్టారు కుర్చీలో వెనక్కి వాలారు గానీ నోరు మాత్రం తెరవనన్నారు. పళ్ళు గీకించుకుంటే ఉన్నవి కూడా వదులైపోతాయని ఆయన వాదన. కింది పళ్ళు రెండు అప్పటికే ఊగుతున్నాయి. షుగరుంది. తోముకున్నప్పుడల్లా నెత్తురు వస్తోంది. అయినా సరే, వద్దంటే వద్దు. చల్లపల్లి నుంచి భవానీపురం దాకా తీసుకొచ్చిన కోడలు రామతులసి బతిమాలి బతిమాలి విసిగిపోయింది. ఇక మీరే చూసుకోండని డాక్టరుతో చెప్పి బయట బెంచీ మీద కూర్చుంది.

డాక్టరు శివపార్వతికి కోపం రాలేదు. మాస్కు వెనక నవ్వుకుని, చేతిలోని సన్నటి పరికరం ఆయనకు చూపించింది.

"ఇది గీకదండీ, వణుకుతుంది. సెకనుకు పాతికవేలసార్లకు పైనే. ఆ వణుకుడికి పళ్ళకి పట్టిన గార పగిలి ఊడొస్తుంది, కూడా వచ్చే నీళ్ళు దాన్ని కడిగేస్తాయి. పన్ను అరగదు."

"మరి మా పక్కింటాయనకి వదులయ్యాయిగా?"

"అప్పటికే వదులయ్యుంటాయండీ. పైన గార పట్టుండబట్టి తెలియలేదంతే. ఆ గారే చిగుళ్ళని పాడుచేసేది. మీలాగా షుగరుండి నెత్తురొచ్చేవాళ్ళకే ఇది ముందు కావాలి. ఇప్పుడు తీయించుకోకపోతే ఆ రెండే కాదు, పక్కవి కూడా పోతాయి. గుండెకి పేస్‌మేకరు గట్రా ఏమీ లేదుగా?"

లేదని తల ఊపారు. పెదవులు మాత్రం బిగించే ఉంచారు. ఊళ్ళో సగంమంది పిల్లల చేత నోళ్ళు తెరిపించిన మనిషి, తన వంతు వచ్చేసరికి ఇంత బెట్టు. ఇక లాభం లేదని ఆవిడ మాస్కు కిందికి లాగింది.

"ఈ... అనండి మాస్టారూ. నేను, మూడో తరగతి శివపార్వతిని."

ఆశ్చర్యంతో మాస్టారి నోరు తెరుచుకుంది. ఆవిడ మళ్ళీ మూయనివ్వలేదు.

సన్నగా కూత, నీళ్ళ తుంపర. ఆయన మాట్లాడే వీల్లేదు కనుక, ముప్పయ్యేళ్ళుగా మనసులో ఉన్నదంతా ఆవిడే చెప్పుకుంటూ పోయింది. బడిలో ప్రార్థన కాగానే మాస్టారు అందరినీ వరసలో నిలబెట్టి పళ్ళు చూసేవారు. వారానికి నాలుగు రోజులైనా తనను పక్కకు లాగి, నోరు బాగాలేదు, మా ఇంటికెళ్ళి మళ్ళీ కడుక్కుని రమ్మనేవారు. కాలవ గట్టు మీదుగా పరిగెత్తుకెళ్తే మాస్టారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు చెంబుతో నీళ్ళిచ్చేవారు. వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టి ఇంత పెరుగన్నం పెట్టి పంపేవారు. ఆ వంటింటి పొగ వాసన తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం అటే లాగుతుంది. కానీ వరసలో పిల్లలు నవ్విన నవ్వులు కూడా అలాగే ఉండిపోయాయి. కాల్చిన పిడక కచ్చికతో చిగుళ్ళు మండేదాకా తోముకుని వెళ్ళినా మాస్టారు పంపించేవారు. పళ్ళ సందుల్లో చద్దన్నం మెతుకులతో వచ్చి తన పక్కనే నిలబడే కనకలక్ష్మిని మాత్రం ఒక్కనాడూ ఏమీ అనలేదు.

"అందుకే పళ్ళ డాక్టర్నయ్యానేమో," అంది. నవ్వుతూనే అంది గానీ, అన్నాక బాధేసింది.

అరగంటలో పనైపోయింది. మాస్టారు నోరు పుక్కిలించి, ఊసి, అద్దంలో చూసుకున్నారు. పళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆవిడ మిషను ఆపి, చేతి తొడుగులు తీసి ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడు చెప్పండి మాస్టారూ. నా నోరు నిజంగా అంత అసహ్యంగా ఉండేదా?"

మాస్టారి కళ్ళు తడయ్యాయి.

"బడి మొత్తం మీద నీ నోరే శుభ్రంగా ఉండేదమ్మా. పొద్దున్నే ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో అందరి ముందూ అడగలేక పళ్ళు చూసేవాణ్ణి."