లెక్కలో ఒకటి

“మన ప్రోగ్రామ్ నడుస్తున్న పాతరకం మిషన్లు ఇంకా ఎన్ని మిగిలాయి?” అడిగాడు టీమ్ లీడర్.

“ఒకటి సార్” అంది లెక్కలమ్మాయి, తెర మీద అంకెలు చూస్తూ.

“ఒకటా? ఒక్క ముసలమ్మ కోసం ఊరంతా మేలుకోవాలా? తీసేద్దాం.”

ఆఫీసంతా నవ్వింది. లెక్కలమ్మాయి కూడా నవ్వింది.

వాళ్లు చేసేది మంచి పనే. టైప్ చేసింది పైకి చదివి వినిపించే ప్రోగ్రామ్ అది. మాట లేనివాళ్ల కోసం ఎప్పుడో ఎవరో మొదలుపెట్టారు. ఉచితం. దాని లోపలి రాత కూడా ఎవరైనా చూడొచ్చు, దిద్దొచ్చు.

ఎవరు వాడుతున్నారో తెలియదు కాబట్టి, మొదటిసారి తెరవగానే ప్రోగ్రామే అడుగుతుంది: ‘మీ కంప్యూటర్ ఏ రకమో, ఏ గొంతు వాడుతున్నారో మాకు పంపనిస్తారా? పేరు అడగం, ఊరు అడగం.’

సరేనన్నవాళ్ల లెక్కలన్నీ వచ్చి ఈ అమ్మాయి ముందు పడతాయి. తలలే లెక్కపెడతాం, మొహాలు చూడం అని ఆ ఆఫీసులో గొప్పగా చెప్పుకునేవారు. మొహాలు చూడకపోవడంలో ఎంత సుఖముందో అప్పటికి ఎవరికీ తట్టలేదు.

ఆ మిషన్‌కి ప్రోగ్రామ్ ఆపేస్తే, దానితో పాటు ఒక గొంతు కూడా పోవాలి. పాత రోజుల్లో ఎవరో పుణ్యాత్మురాలు కూర్చుని చదివి రికార్డు చేయించిన గొంతు. ఫైళ్ల మీద మనిషి పేరు లేదు, ‘అక్క’ అని మాత్రం ఉంది. కొత్త గొంతు వచ్చాక అందరూ దానికి మారిపోయారు. ‘అక్క’ను ఇంకా వాడుతున్నది ఆ ఒక్క మిషనే. రికార్డింగులేమో సర్వర్‌లో సగం జాగా తినేస్తున్నాయి.

కొత్త వెర్షన్ వెళ్లింది. ఆ పాత మిషన్‌లో తనంతట తానే ఎక్కి, పాతదాన్ని గొంతుతో సహా తుడిచేసి, తీరా చూస్తే తెరుచుకోలేదు. ఇక సర్వర్‌లో రికార్డింగులు చెరిపేయడమే మిగిలింది.

ఆ మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. మెడ చుట్టూ స్కార్ఫ్, చేతిలో ఇటుకంత లాప్‌టాప్. దాన్ని బల్ల మీద పెట్టి, లీడర్ జేబులోని పెన్ను కావాలని సైగ చేసింది. తీసుకుని కాగితం మీద రాసింది: ‘మాట రావడం లేదు.’

“ఓహో, మన ముసలమ్మ ఇదేనన్నమాట” అన్నాడు లీడర్, లెక్కలమ్మాయికి కన్నుగీటి. తర్వాత ఆవిడ చెవి దగ్గరికి వంగి అరిచాడు. “మిషన్ పాతదైపోయిందమ్మా. ఇక పని చెయ్యదు. అర్థమైందా?”

ఆవిడ చెవి చూపించి, వినబడుతుందన్నట్టు తలూపి నవ్వింది.

లెక్కలమ్మాయికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లీడర్‌కి మాత్రం ఆ ఇబ్బందేమీ కలగలేదు.

అలాగని చెడ్డవాడు కాదు. సొరుగులోంచి తన పాత ఫోన్ తీశాడు. “ఇది తీసుకెళ్లండమ్మా, నాకెలాగూ అక్కర్లేదు. ఇందులో కొత్త గొంతుంది. వినండి, ఎంత తియ్యగా ఉందో.”

ఆవిడ కళ్లు మూసుకుని శ్రద్ధగా వింది. మళ్లీ రాసింది: ‘బాగుంది. కానీ ఇది నాది కాదు. నాది ఉంచండి.’

“మీది కాకపోతే ఏమైందమ్మా? ఇవాళ్టి నుంచి ఇదే మీది. నాల్రోజులు పోతే అలవాటైపోతుంది.”

ఆవిడ ఇంకేదో రాయబోయింది. ఇంతలో లీడర్‌కి కాల్ వచ్చింది. ఫోన్ చెవికి పెట్టుకుని లేచి, పెన్ను కోసం చెయ్యి చాపాడు.

ఆవిడ ఆ చేతిని చూసింది. పెన్ను ఇచ్చేసింది. పాత ఫోన్ ముట్టుకోకుండా, లాప్‌టాప్ ఎత్తుకుని వెళ్లిపోయింది.

లెక్కలమ్మాయి బల్ల మీద బోలెడు పెన్నులున్నాయి. ఒకటి తీసి ఇవ్వాలనుకుంది. సార్ ఏమనుకుంటారో అని ఆగింది. ఆగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

“సార్, అడగడానికి ఒకరు వచ్చారు కదా. రికార్డింగులు ఉంచుదామా?”

“రిపోర్టులో ఒకటి అని రాసింది నువ్వేగా. ఇప్పుడు ఒకరంటావేంటి?”

“మిషన్‌ని ఒకటి అంటాం సార్. ఆవిడ మనిషి కదా.”

“ఒకటైనా ఒకరైనా లెక్కలో తేడా ఏముంది? చెరిపెయ్. నకళ్లతో సహా.”

లెక్కలో తేడా లేదు, నిజమే. సిగ్గుపడుతూనే ఆ అమ్మాయి ఫైళ్లన్నీ ఎంచుకుంది. చెరిపేసింది.

కాసేపటికి కింది అంతస్తులో రికార్డింగ్ స్టూడియో నడిపే ఆయన పైకొచ్చాడు. మొహమంతా సంతోషం.

“ఇందాక మెట్ల మీద ఆవిడ కనిపించింది. ఎన్నాళ్లయిందో చూసి. మీ దగ్గరికేనా వచ్చింది? పని అయిందా?”

లీడర్ గొంతు సవరించుకున్నాడు. “ఆవిడ మీకు తెలుసా?”

“భలేవారే, తెలియకపోవడమేంటి? అప్పట్లో రోజూ వచ్చి నా గదిలోనే కూర్చునేది. పేరు రాయొద్దంది. మరి ఫైళ్ల మీద ఏదో ఒకటి ఉండాలిగా, నేను పిలిచే పిలుపే రాసేశాను.”

లెక్కలమ్మాయి తల వంచుకుంది. ఆయన మొహంలోకి చూసే ధైర్యం లేకపోయింది.

“మీ దగ్గర కాపీ ఏమైనా ఉందా అండీ?”

“నా దగ్గరెందుకుంటుందమ్మా? మీ దగ్గరైతే భద్రంగా ఉంటాయని అన్నీ ఇక్కడికే ఇప్పించింది” అన్నాడాయన, ఇంకా ఆ మురిపెంలోనే. “ఆపరేషన్ చేసి గొంతు తీసేస్తారని తెలిసిన రోజు నుంచీ చదివింది పాపం, ఆ తర్వాత ఇంట్లో పిల్లల్ని పిలవాలన్నా ఆవిడకి మిగిలిన గొంతు అదే కదా.”