ఒక్క ఛీ

“ఒక్కసారి ఛీ అనవయ్యా, నీ సొమ్మేం పోతుంది?” కారు దిగకుండా బతిమాలుతున్నాడు కట్లపాము.

“అమ్మో! అంత పెద్దాయన్ని ఛీ అంటే నా కళ్లు పోవూ?” డ్రైవరు చెంపలేసుకున్నాడు.

కట్లపాము అనేది రెజ్లింగ్ రింగులో అతని పేరు. అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. అతనిది విలన్ వేషం. రిఫరీ అటు తిరిగితే చాలు, అవతలివాడి కళ్లలో ఇంత ఉప్పు కొట్టేవాడు. హాలంతా లేచి ఛీ ఛీ అని చెప్పులు విసిరేది. ఆ చెప్పులే అతనికి పూలు. ఇంటి మొహం చూడకుండా ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి తిట్లు తిన్నాడు. ఎన్ని తిట్లు పడితే అంత హాయిగా నిద్రపోయేవాడు.

ఇప్పుడుండేది ఒంటి గదిలో. తిట్టడానికైనా తలుపు తట్టే దిక్కులేదు. ఇవాళ రెజ్లర్ల సంఘం పిలిచి సన్మానం చేస్తోంది.

“విలన్‌కి చప్పట్లు కొట్టారంటే వాడు పోయినట్టే లెక్కరా అబ్బాయ్. వెనక కూర్చుని ఒక్క ఛీ అను. మిగతావాళ్లు అందుకుంటారు.”

“సరేలెండి, చూద్దాం,” అని గొణిగాడు డ్రైవరు.

స్టేజీ ఎక్కగానే చప్పట్లు మోగాయి. కట్లపాము మైకు లాక్కుని, “మీ మొహాలకి నేనే ఎక్కువ!” అని బుసకొట్టాడు. జనం ముద్దుగా నవ్వారు. కుర్చీని తన్నాడు.

“అయ్యో తాతగారూ, మోకాలు జాగ్రత్త!” అన్నారెవరో.

డ్రైవరు వైపు చూశాడు. ఆ మహానుభావుడు కళ్లు తుడుచుకుంటూ అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్నాడు. అంతమంది మధ్యలో కట్లపాముకి తన ఒంటి గదే గుర్తొచ్చింది. ఇక దిగిపోదామని మెడలో దండ తీయబోయాడు.

“ఛీ!”

వెనక వరసలో ఒకావిడ లేచి నిలబడింది. “సిగ్గులేని మనిషీ! నీకు దండ కూడానా?”

కట్లపాముకి ప్రాణం లేచొచ్చింది. “ఎవరే అది? దమ్ముంటే ముందుకొచ్చి అను!”

“వచ్చే అంటాను! నువ్వూ ఒక మనిషివేనా? నీ మొహం చూస్తేనే పాపం!”

ఇదంతా ఆటే కాబోలనుకుని హాలు ఊగిపోయింది. ఈలలు, గోల, ఛీ ఛీ. ఓ చెప్పు కూడా వచ్చి పడింది. కట్లపాము రొమ్ము విరుచుకుని స్టేజీ అంతా తిరిగాడు, మీసం మెలేశాడు, మోకాలి నొప్పే మర్చిపోయాడు.

దిగగానే కుంటుకుంటూ గుమ్మం దాకా పరిగెత్తి ఆవిణ్ణి ఆపాడు. “బతికించావు తల్లీ! అంత పగ గొంతులో పలకడం ఎక్కడ నేర్చుకున్నావమ్మా?”

ఆవిడ కళ్లు తుడుచుకుని అతని మొహంలోకి చూసింది.

“ఇంట్లోనే,” అని వెళ్లిపోయింది.

“చూశావా? నటనంటే అదీ! కళ్లలో నీళ్లు కూడా తెప్పించుకుంది,” అంటూ పక్కనున్న సంఘం కార్యదర్శి భుజం చరిచాడు కట్లపాము. “ఈ దండ నాకు కాదయ్యా, ఆ పిల్లకి వెయ్యాలి. ఎక్కడ పట్టుకొచ్చారు? ఎవరావిడ?”

కార్యదర్శి తెల్లబోయి చూశాడు.

“మీ అమ్మాయండీ.”