నొప్పి తగ్గిన మనిషి

“నొప్పి కాళ్ళలో ఉంటే వైద్యం బుర్రకా?” అంటూ టైలరు కుర్చీలోంచి లేచాడు.

షుగరు అతని అరికాళ్ళను ఎప్పుడో మొద్దుబార్చింది. గుండుసూది దిగినా తెలియదు గానీ, మంట మాత్రం నిప్పుల మీద నిలబెట్టినట్టే ఉంటుంది. మిషను తొక్కడం మానేసి ఏడాదయింది. మందులకు లొంగని ఆ మంటకు ఆస్పత్రివాళ్ళు ఈ గది చూపించారు. వారానికోసారి తొమ్మిదిమంది గుండ్రంగా కూర్చుంటే, నొప్పితో ఎలా బతకాలో కౌన్సెలింగ్ మేడం నేర్పుతుంది.

“కూర్చోవయ్యా,” అన్నాడు ఎదురుగా ఉన్న పెద్దాయన. “మొదట్లో నేనూ ఇలాగే ఎగిరాను. ఇప్పుడు చూడు, ముప్పాతిక వంతు తగ్గింది.”

“నిజంగానా?”

“దాన్నే తలుచుకుంటూ కూర్చుంటే నెత్తికెక్కుతుంది. చేతికేదన్నా పని చెప్పు.”

టైలరు కూర్చున్నాడు. ఆశతో కాదు. ఇంటికెళ్ళి చేసేదేముందని.

రెండో వారం మిషను మీద దుమ్ము దులిపాడు. ఆరో వారానికి రోజుకో చొక్కా కుట్టాడు. మంట పోలేదు. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని పని చేసుకోవడం అలవాటైంది, అంతే.

పెద్దాయనది మాత్రం, కొత్తగా ఎవరొచ్చినా అదే పాట. “నాకు ముప్పాతిక తగ్గింది!”

ఒకరోజు టైలరుకు ఒళ్ళు మండి, అందరి ముందూ అనేశాడు.

“మేడంగారికి డప్పు కొట్టడానికే వస్తారా మీరు? అసలు మీకెప్పుడైనా నొప్పంటూ ఉంటే కదా!”

పెద్దాయన నవ్వాడు.

మరుసటి వారం ఆయన రాలేదు. ఆ పై వారం, గుండె ఆగి పోయారని ఆయా చెప్పింది.

టైలరుకు ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. అడ్రసు కనుక్కుని వెళ్ళాడు.

పెద్దాయన భార్య తలుపు తీసి, మంచినీళ్ళిచ్చింది.

“నోరు జారానమ్మా. ఆయన చలవ వల్లే మళ్ళీ మిషనెక్కాను,” అన్నాడు తలెత్తకుండా. “పోనీ, నొప్పి లేకుండా వెళ్ళిపోయారు. అదే నయం.”

ఆమె అతనివంక వింతగా చూసింది.

“ఎవరు చెప్పారు నాయనా? ఏడేళ్ళలో ఒక్క పూట తగ్గలేదు. కాళ్ళ మీద దుప్పటి అంచు తగిలినా విలవిల్లాడేవారు. మరి అక్కడికెందుకండీ వెళ్ళడం అంటే, ‘తగ్గిందని చెప్పేవాడు ఒకడుంటేనే కదే, మిగతావాళ్ళకి తగ్గేది’ అనేవారు.”