ఒళ్లొక మాట, రక్తమొక మాట

వహీద్ లోపలికి వస్తూనే ఫ్యాను వేగం చివరిదాకా తిప్పాడు. వెనకే వచ్చిన ఖాదర్‌బీ బురఖా మీది శాలువా సర్దుకుని, ఫ్యాను ఆపేసి కూర్చుంది.

కల్వకుర్తిలో మే నెల అది.

డాక్టర్ మనీషకు ఈ ఫ్యాను యుద్ధం కొత్త కాదు. ఏడాదిగా చూస్తోంది. మొగుడూ పెళ్లాలు నోటితో అనుకోలేని మాటలు ఇలా స్విచ్చులతో అనుకుంటారని ఆమె అభిప్రాయం. మనుషుల మనసుల గురించి ఆమె చాలా చదివింది. పేషెంట్లు లేని సాయంత్రాలు ఆమెకు అదే పని.

"రిపోర్టు తెచ్చారా?"

ఖాదర్‌బీ సంచిలోంచి కవరు తీసి ఇచ్చింది. మనీష చూసింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. థైరాయిడ్ తక్కువైతే పెరిగే టీఎస్‌హెచ్ అంకె తగ్గలేదు. పోయినసారి కంటే పెరిగింది కూడా. అంటే మందు చాలడం లేదు.

తలెత్తి వహీద్‌ను చూసింది. బస్టాండు ఎదురుగా సెలూన్ నడుపుతాడు. హెల్త్ క్యాంపు పరీక్షలో థైరాయిడ్ తక్కువని తేలి తన దగ్గరికి వచ్చినప్పుడు కుర్చీ నిండా కూర్చున్న మనిషి. ఇప్పుడు చొక్కాను హ్యాంగరుకు తగిలించినట్టున్నాడు. ఒళ్లంతా చెమట. నాడి పట్టుకుంటే వేలి కిందనుంచి పరిగెడుతోంది. అంటే మందు ఎక్కువైంది.

ఒకే మనిషికి ఒకే గోలీ చాలకపోవడం, ఎక్కువైపోవడం రెండూ ఎలా కుదురుతాయి?

"చేతుల వణుకు ఎట్లుంది?"

"నిన్న రాములు సగం గడ్డంతోనే లేసి ఉరికిండు మేడం. మిగిలిన సగం పక్క దుకాణంల గీయించుకున్నడట. ఇప్పుడు అందరు ఎంటికలే కట్ చెయ్యమంటున్రు. కత్తి తీస్తె దేవుణ్ణి యాది చేసుకుంటున్రు. గిట్లనే ఉంటె దుకాణం బంద్ చేసుడే."

"నిద్ర పడుతోందా?"

"ఏడ పడ్తది. రాత్రంత కూసోని గుండె సప్పుడు ఇంటున్న. అది నాది కాదనిపిస్తాంది. ఎవరిదో కిరాయికి తెచ్చి పెట్టుకున్నట్టున్నది."

ఖాదర్‌బీ అప్పటికే గోడకు తల ఆనించి కునుకు తీస్తోంది.

"నా వాటా నిద్ర గూడ ఈమెనే పోతాంది మేడం," అన్నాడు వహీద్.

మనీష మొదటినుంచీ మళ్లీ మొదలుపెట్టింది.

"గోలీ ఎప్పుడు వేసుకుంటున్నారు?"

"పొద్దుగాల లేవంగనే, ఉత్త నీళ్లతోని. గంటదాక ఛాయ్ ముట్ట."

"క్యాల్షియం, రక్తం పట్టే గోలీలు ఏమన్నా మింగుతున్నారా?"

"లేదు మేడం."

"సీసా ఎండలో పెట్టడం లేదు కదా?"

"బియ్యం డబ్బ మీద, సల్లటి జాగల ఉంటది."

"మరి రక్తం?"

"పరగడుపునే ఇస్తున్నం. ఆ పూట గోలీ గూడ పరీక్ష అయినంకనే. మీరు చెప్పినట్టే."

మనీష ఖాదర్‌బీ వైపు తిరిగింది. "ఈయన ఏం తింటాడమ్మా?"

ఖాదర్‌బీ కళ్లు తెరిచింది. కళ్ల కింద ఉబ్బింది. మాట బొంగురుగా, నెమ్మదిగా వచ్చింది. "నేను తినేదే మేడం. ఒక్క గంజుల బువ్వ, ఒక్క కుండల నీళ్లు. ఇద్దరిది ఒక్కటే పానం లెక్క."

మనీషకు జాలేసింది. టోకెను కోసం నిలబడేది ఆమె. రిపోర్టు తెచ్చేది ఆమె. పొద్దున్నే గోలీ చేతిలో పెట్టేది ఆమె. భర్త జబ్బు ఈమెను కూడా నలిపేస్తోంది. ముఖం పొంగింది, నడక బరువెక్కింది. దిగులు మనిషిని అలా చేస్తుందని మనీష చదివింది.

చీటీ ముందుకు లాక్కుంది. కాగితం మాట వింటే మోతాదు పెంచాలి. ఇప్పటికి నాలుగుసార్లు పెంచింది. ఇంకోసారి పెంచితే, ఈ గుండె సెలూన్ కుర్చీ పక్కనే ఆగిపోవచ్చు.

పెన్ను కదల్లేదు.

మనిషి అబద్ధమాడతాడు, రక్తం ఆడదు అని ఆమె నేర్చుకుంది. అందుకే ఇన్నాళ్లూ కాగితాన్నే నమ్మింది. కానీ ఈ మనిషి అబద్ధమాడుతున్నట్టు లేడు. అతని ఒళ్లూ రక్తమూ మాట్లాడుకోవడం మానేసిన జంటలా ఉన్నాయి.

"వహీద్ భాయ్, మీ ఒళ్లొక మాట చెప్తోంది, మీ రక్తమొక మాట చెప్తోంది. ల్యాబు మార్చి చూద్దాం."

"ఇప్పటికే మూడు ల్యాబులు తిరిగినం మేడం. అన్నిట్ల గదే."

"అయితే ఇక ఏ ల్యాబూ వద్దు. నేనే తీస్తా. ఇక్కడే, నా కళ్ల ముందు. హైదరాబాద్ పంపిద్దాం."

సొరుగులోంచి సూది ప్యాకెట్టు తీసింది. రోజంతా జనం గొంతుల మీద కత్తి నడిపే మనిషి ఆ ప్లాస్టిక్ చప్పుడుకే కుర్చీ అంచుకు జరిగాడు.

"గియ్యాల్నేనా మేడం?"

"తియ్యనియ్యి. మనకేమన్న కొత్తనా," అంది ఖాదర్‌బీ ఆవలిస్తూ.

మనీష దూదిని స్పిరిట్‌లో తడిపింది. రబ్బరు పట్టీ చేతిలోకి తీసుకుంది.

"చెయ్యి ఇటివ్వండి."

వహీద్ ఎప్పటిలాగే కళ్లు మూసుకుని గోడవైపు తిరిగాడు, ఖాదర్‌బీ ఎప్పటిలాగే బురఖా చేతిని మోచేతి పైదాకా మడిచి, ఏడాదిగా సూదులు దిగిన తన చేతిని బల్ల మీద పెట్టింది.