యజమాని వకీలు

చొక్కాల కర్మాగారం ముందు యజమాని కొత్త కారు ఆగింది.

కటింగ్ మాస్టర్ కిటికీలోంచి తొంగి చూశాడు.

"ఏడోది," అన్నాడు. "మనిషికి ఉన్నది ఒక్క ఒళ్ళు. ఏడు కార్లలో ఎలా కూర్చుంటాడో అడగాలని ఉంది."

హాల్లో అందరూ నవ్వారు. ఇస్త్రీ బల్ల దగ్గరున్న పెద్దాయన మాత్రం నవ్వలేదు. ఆయన పనిలో చేరి నెల కూడా కాలేదు.

"ఆయన సొమ్ము, ఆయన ఇష్టం. ఎవరి జేబులోంచి కొట్టేశాడని?" అన్నాడు పెద్దాయన.

మాస్టర్‌కి వాదన అంటే అన్నం కన్నా ఇష్టం. చేతిలో గుడ్డ పక్కన పడేశాడు.

"మా జేబుల్లోంచే. ఈ హాల్లో ఒక్క ఫ్యానైనా ఉందా? చెమట బొట్టు గుడ్డ మీద పడితే జీతం కోస్తారు. కోసిన జీతాలన్నీ కలిస్తే కారు కాక ఏమవుతుంది?"

"పెట్టుబడి పెట్టింది ఆయన కదా. నష్టం వస్తే నువ్వు భరిస్తావా?"

"భరించలేదా? పోయినేడు ఆర్డర్లు లేవని సగం జీతాలే ఇచ్చారు. ఆ నష్టం మోసింది మేమే. లాభం వచ్చినప్పుడు మాత్రం మేమెవరో, ఆయనెవరో."

పెద్దాయన ఇస్త్రీపెట్టె ఆపి, ఆ మాటనే పెదాలు కదుపుతూ మరోసారి అనుకున్నాడు. వెక్కిరిస్తున్నాడనుకున్నారు అందరూ.

ఆ రోజు నుంచి ఆయన పేరు యజమాని వకీలు.

వకీలు రోజుకో కొత్త వాదన తెచ్చేవాడు. కష్టపడ్డవాడు అనుభవించకూడదా అనేవాడు. ఆయన దానాలు చెయ్యడం లేదా అనేవాడు. మాస్టర్ ఏ వాదననూ బతికి బట్టకట్టనిచ్చేవాడు కాదు.

"దానమెందుకు పెద్దాయనా? ఇవ్వాల్సింది సరిగ్గా ఇచ్చేస్తే, దానం పుచ్చుకునే గతి ఎవరికీ పట్టదు."

వకీలు ఊఁ అని తల ఊపి, మళ్ళీ పెదాలు కదిపేవాడు.

రోజూ సాయంత్రం వకీలు, యజమాని చొక్కాలు ఇస్త్రీ చేసి మేడ మీద ఆయన గదికి తీసుకెళ్ళేవాడు. నాలుగు చొక్కాలు ఇచ్చి రావడానికి అంతసేపెందుకో ఎవరికీ అర్థమయ్యేది కాదు.

ఈలోగా హాల్లోకి ఫ్యాన్లు వచ్చాయి. ఆదివారం పనికి రెట్టింపు కూలి ఇచ్చారు. యజమానికి ఏ గాలి సోకిందో అని మాస్టర్ నవ్వాడు.

తర్వాత ఒక ఉదయం గోడ మీద నోటీసు అంటించారు. గుండీలు కుట్టే యంత్రం వస్తోంది. నెలాఖరుకి గుండీల విభాగం మూసేస్తున్నారు. అందులో ఉన్నవాళ్ళందరూ ఆడవాళ్ళే. మాస్టర్ భార్య కూడా అక్కడే పనిచేస్తోంది. ఇంటి అద్దె ఆవిడ జీతంతోనే కడుతున్నారు.

మాస్టర్‌కి ఒళ్ళు మండిపోయింది.

"మన మాటలు పైకి మోసేవాడు మన మధ్యే ఉంటే ఇంకేమవుతుంది?" అన్నాడు.

ఆ హాల్లో ఒక పద్ధతి ఉంది. ద్రోహం చేసినవాడి టీ గ్లాసు బల్ల మీద బోర్లించేస్తారు. అందరూ ఒప్పుకుని దాన్ని తిరిగి నిలబెట్టేదాకా అతనితో ఎవరూ మాట్లాడకూడదు. మాట్లాడితే వాళ్ళ గ్లాసు కూడా బోర్లా పడుతుంది.

మధ్యాహ్నానికి వకీలు గ్లాసు బోర్లించి ఉంది. ఆ పని మాస్టరే చేశాడు.

పెద్దాయన గ్లాసు వంక చూసి, నేరుగా మాస్టర్ దగ్గరికి వచ్చాడు.

"మాస్టరూ, ఒక్క మాట. యంత్రం పెడితే ఖర్చు తగ్గుతుంది. తన ఖర్చు తను తగ్గించుకుంటే ఆయన తప్పేంటి?"

మాస్టర్‌కి జవాబు నాలుక చివరే ఉంది. ఆ యంత్రం కొన్న డబ్బు ఈ ఆడవాళ్ళ వేళ్ళు సంపాదించిందే. యంత్రం నడపడం వాళ్ళకే నేర్పితే ఒక్కరినీ పంపక్కర్లేదు. ఆ మాట మింగేసి, గుడ్డ మీద సుద్దతో గీత గీసుకున్నాడు.

"చెప్పు మాస్టరూ. ఎందుకు అడుగుతున్నానంటే..."

మాస్టర్ కోత మిషన్ స్విచ్ వేశాడు. ఆ రొదలో మిగతా మాట వినపడలేదు.

పొద్దువాలే లోపు పెద్దాయన మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. ఈసారి బతిమాలినట్టే అడిగాడు. హాలంతా మాస్టర్ మొహం వంకే చూస్తోంది. తను బోర్లించిన గ్లాసుకి తనే విలువ ఇవ్వకపోతే ఎలా? మాస్టర్ తల ఎత్తలేదు.

పెద్దాయన చొక్కాలు తీసుకుని మేడ మెట్లెక్కాడు. మర్నాటి నుంచి పనికి రాలేదు.

"పీడ విరగడైంది," అన్నాడు మాస్టర్.

నెలాఖరు వచ్చింది. గుండీల విభాగం లెక్కలు తేల్చడానికి మేడ మీది గుమాస్తా కిందికి దిగాడు. మాస్టర్ భార్య కళ్ళు తుడుచుకుంటూ సంచీ సర్దుకుంటోంది.

"ఆ ఇస్త్రీ పెద్దాయన ఉంటే మీకీ గతి పట్టేది కాదమ్మా," అన్నాడు గుమాస్తా.

"ఎవరు, ఆ గూఢచారా?" అన్నాడు మాస్టర్.

గుమాస్తా వింతగా చూశాడు.

"ఆయన యజమానికి స్వయానా మేనమామ. ఊరి బట్టలు ఇస్త్రీ చేసి పెంచి పెద్దచేశారు. నా దగ్గరే ఉండు మామయ్యా అంటే, నీ సొమ్ము నాకొద్దని కింద పనిలో చేరారు. రోజూ సాయంత్రం పైకొచ్చి మేనల్లుడితో వాదన. పాపం, మాటకారి కాదు. అయినా ఇవాళ మేనల్లుడు ఏ మాటతో నోరు మూయిస్తే, రేపు దానికి దిమ్మతిరిగే జవాబు తెచ్చేవారు. ఆ ఫ్యాన్లు, ఆదివారం కూలి అలా వచ్చినవే."

మాస్టర్ ఓ అడుగు ముందుకొచ్చాడు.

"మరి గుండీల సంగతి?"

"నోటీసు రాయించిన సాయంత్రమే, యంత్రం పెడితే తప్పేంటో చెప్పు, ఒప్పించావంటే దాన్ని వెనక్కి తీసుకుంటానని మాటిచ్చారు యజమాని. మర్నాటి సాయంత్రం పెద్దాయన వచ్చి, చొక్కాలు బల్ల మీద పెట్టి, 'జవాబు చెప్పేవాడు కింద ఉన్నాడురా అబ్బాయ్, ఇవాళ నాతో మాట్లాడలేదు' అని వెళ్ళిపోయారు."